మూడో మెట్టు

సాలిగ్రామంలో, ఇస్త్రీ బండి పక్క సందులో,
గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికించిన గదిలో
రెండేళ్ళుగా ఒకావిడకి గొంతునిస్తున్నాను.
పేరు చంద్రవదన. ఏ చీర కట్టినా అంచు నలుపే.
ఆమె మామగారు మెట్ల మీంచి పడి పోయారు.
మూడో మెట్టు మీద నూనె.
పోసింది ఆమేనా అన్నది
అరవంలో రాస్తున్నవాళ్ళకే ఇంకా తెలీదట.

"సగం దోషిలా చెప్పండమ్మా"
అద్దం అవతల నుంచి పట్టాభిగారు.
సగం దోషి ఎలా పలుకుతుంది?
"కాఫీ తాగుతారా అత్తయ్యా" అన్న మాటలో
ఎన్ని చుక్కలు కలపాలి?
"కాఫీ" దగ్గర కాదు, "తాగుతారా" దగ్గర
వెంట్రుకవాసి ఆగుతాను.
అంతే, నాయుడుపేట నుంచి నర్సంపేట దాకా
కంచాల్లో చేతులు ఆగిపోతాయట.

తలుపు తెరుచుకోవడానికి ఒక వారం.
సోమవారం గడియ మీద చెయ్యి.
మంగళవారం అదే చెయ్యి, ఈసారి గాజులతో.
బుధవారమంతా అత్తగారి కళ్ళు,
ఎడమ నుంచి, కుడి నుంచి, నెత్తి మీంచి.
గురువారం ఉరుము.
బయట అగ్ని నక్షత్రం మాడు పగలగొడుతుంటే
ఆ ఒక్క ఇంటికే రోజూ తుఫాను.
శుక్రవారం తలుపు తీస్తే పిల్లి.
పిల్లి కోసం ఐదు రోజులు ఊపిరి బిగబట్టాను.
మాటలకి ఇస్తారు. ఊపిరికి వేరే డబ్బుల్లేవు.

ఆ సగం ఎక్కణ్ణుంచి తెస్తున్నానో
పట్టాభిగారు ఎప్పుడూ అడగలేదు.
మా మామగారు రాయపేట ఆసుపత్రిలో ఎనిమిది నెలలున్నారు.
ఒక రాత్రి గ్లూకోజు బొట్లు లెక్కపెడుతూ
ఇంక చాలు, అనుకున్నాను.
అనుకున్నాను, అంతే.
తెల్లారేసరికి పోయారు.
ఎవరూ నా మొహం మూడుసార్లు చూపించలేదు.
నర్సు వచ్చి ఫ్యాను కట్టేసింది.

మొన్న అన్నంలో ఉప్పు ఎక్కువైందా అని అడిగితే
మా ఆయన ముద్ద దించేసి నావైపు చూశాడు.
"మామూలుగా అడుగు" అన్నాడు.
మామూలుగా ఎలా అడిగేదాన్నో
నాలుగుసార్లు అడిగి చూశాను.
ఐదో టేకులో ఇద్దరం వదిలేశాం.

అరవ సీరియల్ మాకంటే ఆరు వారాలు ముందు.
ఇస్త్రీ బండి పూంగోదై ఒక్కరోజు తప్పిపోదు.
నీళ్ళ డబ్బాకి ఫోన్ ఆనించి, బొగ్గులు విసురుతూ చూస్తుంది.
"అక్కా, మీ ఆవిడ ఇవాళ ఏడ్చింది" అని
వచ్చీరాని తెలుగులో నవ్వించేది.
మంగళవారం నుంచి ఆ మాట మానేసింది.
మడతలు లెక్కపెట్టి ఇచ్చింది.
చిల్లర నా చేతిలో పెట్టలేదు, చెక్క మీద పెట్టింది.

అడగొచ్చు. ఒక్క మాట.
ఆరు వారాల అవతల నేనేమిటో ఆమెకి తెలుసు.
డప్పులు మోగలేదు. గాలి వీచలేదు.
బొగ్గు చిటపటమంది,
ఎవరిదో కాలరు మీద నీళ్ళు చిలకరించింది.
చిల్లర తీసుకుని వచ్చేశాను.

లిఫ్టు పాడై పది రోజులు.
రాత్రిపూట మూడో మెట్టు దగ్గర ఆగి
కాలు దాటి వేస్తున్నాను.
జారుతానన్న భయమో,
అక్కడ ఏముందో తెలిసినదాని జాగ్రత్తో,
చీకట్లో రెండూ ఒకేలా నడుస్తాయి.

రేపు తొమ్మిదికి రికార్డింగు.
నాది ఒకే ఒక్క మాట ఉందట: "నేను కాదు."
ఎంత దోషిలా అనాలో చెప్పకుండానే
పట్టాభిగారు ఫోన్ పెట్టేశారు.

పొద్దున దిగుతూ ఒక చీర ఇస్త్రీకి ఇచ్చాను.
నాదే, ఎప్పటిదో, నల్లంచుది.
పూంగోదై అంచు చూసింది, నన్ను చూడలేదు.
పెట్టె ఎత్తి, బూడిద ఊది,
ముందు కొంగు, తర్వాత కుచ్చెళ్ళ వైపు,
నెమ్మదిగా, నెమ్మదిగా రుద్దుతూ
అంచుని ఆఖరికి ఉంచింది.